నడవని కారులో ముదిరిన రబ్బరు

రాజమహేంద్రవరంలో ఉన్న మా మేనమామగారికి ఒక పెద్ద విదేశీ కారు ఉన్నది. ముప్పై ఏళ్ళ క్రిందట తయారైనది. దానిని కొనడంలో చూపిన ఉత్సాహం ఆయన నడపడంలో చూపలేదు. పెళ్ళిళ్ళకు, దూరపు బంధువులను రైలుస్టేషనుకు చేర్చడానికి తప్ప అది షెడ్డు విడిచి బయటకు రాదు. మీటరు మీద నలభై వేల కిలోమీటర్లు కూడా లేవు. అటువంటి కారు నిరుడు వేసవిలో వీధి మలుపున ఒక గతుకులో పడగానే పాత పట్టెమంచం కిర్రుమన్నట్లు చప్పుడు చేసినది. బ్రేకు వేసినప్పుడల్లా ఒక ప్రక్కకు లాగడం కూడా ఆరంభించినది. మేస్త్రీ వచ్చి, బండిని జాకీ మీద ఎత్తి, దీపం పట్టి చూసి, ముందు చక్రాలను పట్టి ఉంచే ఇనుప చేతుల మొదళ్ళలోని రబ్బరు బుష్షులన్నీ పగిలిపోయినవని తేల్చినాడు. మామయ్యగారికి కోపం వచ్చినది.

"తిరగని బండికి అరుగుదల ఏమిటయ్యా?" అన్నారు.

"అరగలేదండీ, ముదిరినది," అన్నాడు మేస్త్రీ.

ఇనుము అరుగుతుంది, రబ్బరు ముదురుతుంది. ఈ భేదం మేస్త్రీకి చేతివ్రేళ్ళ వలన తెలిసినది. రసాయన శాస్త్రజ్ఞులకు తెలియడానికి మాత్రం నూరేళ్ళకు పైగా పట్టినది. ఆ కథ చెప్పడానికి ముందు, అసలు రబ్బరు కారు అడుగుభాగంలోకి ఎందుకు వచ్చినదో చెప్పుకోవాలి.

పూర్వపు కార్లకు ఈ బాధ లేదు. వేరొక బాధ ఉండేది. హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదానికి వెళ్ళినవారు అక్కడ ప్రదర్శనలో ఉంచిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చూసి ఉంటారు. 1911లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరు చేయగా, ఆయన ఆ సంవత్సరమే కాలం చేయడం వలన ఏడవ నిజాముకు దక్కిన కారు అది. దాని వెనుకభాగంలో సింహాసనంవంటి ఆసనం ఒకటి ఉన్నది. అందరూ దానినే చూస్తారు. క్రిందికి వంగి చూస్తే కనిపించేవి ఉక్కు కమాను పట్టీలు. చక్రాలకు, చట్రానికి నడుమ కుదుపును మ్రింగేవి అవే. ఆ పట్టీల కొసలు ఉక్కు శీలల మీద ఆడుతవి. లోహం మీద లోహం, నడుమ నూనె. ఆ నూనె ఆరిపోయిన నాడు కీచుమని చప్పుడు, అటు పిమ్మట అరుగుదల, అటు పిమ్మట కదలిక.

అందుచేత ఆ కాలపు డ్రైవరుకు నడపడం సగం పని, నూనె పెట్టడం సగం పని. ప్రతి కీలును వెతికి, మట్టి తుడిచి, గ్రీజు ఎక్కించవలసి ఉండేది. కారు ఎంత ఖరీదైనదైతే అన్ని కీళ్ళు. 1929లో వచ్చిన ఫాంటమ్ రెండవ రకం కారులో రోల్స్ రాయిస్ వారు బిజర్ అనే పద్ధతిని అమర్చినారు. ఒక్క చోటు నుండి సన్నని గొట్టాల గుండా చట్రంలోని కీళ్ళన్నింటికీ నూనె పారుతుంది. ఉపాయం బాగున్నది. కాని అది చాకిరీని తగ్గించినదే గాని నూనె అవసరాన్ని తొలగించలేదు. లోహం లోహాన్ని తాకినంతకాలం రోడ్డు మీది ప్రతి రాయి చప్పుడూ చట్రం గుండా ప్రయాణికుని చెవికి చేరుతూనే ఉన్నది.

ఇక్కడ రబ్బరు ప్రవేశించినది. పచ్చి రబ్బరు చెట్టు పాలు గట్టిపడగా వచ్చే పదార్థం. వేసవిలో జిగురు, చలిలో పెళుసు. 1830 దశాబ్దంలో అమెరికాలో రబ్బరు బూట్లు, కోట్లు చేసే కంపెనీలు పుట్టగొడుగులవలె లేచి, ఒక్క వేసవి ఎండకు సరుకంతా కరిగి దుర్వాసన కొట్టగా మూతపడినవి. చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన ప్రభుత్వానికి తపాలా సంచులు చేసి ఇస్తే అవి కూడా అట్లే ఎండకు కరిగిపోయినవి. అప్పులపాలై జైలుకు వెళ్ళినాడు. అయినా రబ్బరును వదలలేదు. 1839లో మసాచుసెట్స్ రాష్ట్రపు వోబర్న్ గ్రామంలో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యి తగిలి, కరిగిపోవడానికి బదులు తోలువలె బిగిసినది. ఇంగ్లండులో థామస్ హాంకాక్ 1843లో, అమెరికాలో గుడ్‌ఇయర్ 1844లో దీనికి పేటెంటు పొందినారు. ఈ ప్రక్రియకు రోమనుల అగ్నిదేవుడైన వల్కను పేరు మీద వల్కనీకరణమని పేరు వచ్చినది. గుడ్‌ఇయర్ 1860లో ఋణగ్రస్తుడుగానే మరణించినాడు. ఆయన పేరు పెట్టుకొన్న టైర్ల కంపెనీ 1898లో ఇతరులు స్థాపించినది. దానితో ఆయనకు గాని ఆయన కుటుంబానికి గాని సంబంధం లేదు.

వల్కనీకరణంలో జరిగేది ఏమిటి? రబ్బరు అణువు వేలకొలది కర్బన పరమాణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకొన్న పొడుగాటి గొలుసు. ఆ గొలుసులో క్రమంగా, నాలుగేసి కర్బనాలకు ఒకమారు, రెండు చేతులతో పట్టుకొన్న జంటబంధం ఒకటి ఉంటుంది. పచ్చి రబ్బరులో ఈ గొలుసులు ఉడికించిన సేమ్యావలె ఒకదాని మీద ఒకటి జారుతవి. అందుకే లాగితే సాగి, మళ్ళీ స్వస్థానానికి రావు. గంధకం ఈ జంటబంధాల దాపున పట్టు సంపాదించి, ఒక గొలుసుకూ మరొక గొలుసుకూ అక్కడక్కడ వంతెన కడుతుంది. అప్పుడు లాగినది విడిచిపెట్టగానే మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. సాగుడు, తిరిగి రాక: రబ్బరు గుణమని మనం మెచ్చుకొనేదంతా ఈ వంతెనల పుణ్యం.

అయితే వంతెనలు మరీ ఎక్కువైతే రబ్బరు కొయ్యవలె బిగుసుకొంటుంది. మెత్తగా ఉండవలెనంటే గంధకం కొద్దిగానే వాడాలి. కాబట్టి జంటబంధాలలో చాలా భాగం తాకబడక మిగిలిపోతవి. గంధకం ఏ ద్వారం గుండా వచ్చినదో ఆ ద్వారాలన్నీ తెరిచియే ఉంటవి. గంధకం తరువాత వాటిలోకి వచ్చే అతిథి గాలి. రబ్బరును రబ్బరుగా చేసిన గుణమే దానిని ముదిరేటట్లు చేసే గుణం కూడా. మామయ్యగారి కారు బుష్షు పగలడానికి మూలకారణం ఇంతే. తక్కినవన్నీ దీనికి తోడు వచ్చిన కారణాలు.

గాలి మీద మొదట అనుమానం కలిగినది కార్లను చూసి కాదు, టెలిగ్రాఫు తీగలను చూసి. రబ్బరుకు దగ్గరి చుట్టమైన గట్టాపర్చా అనే చెట్టు పాల పదార్థాన్ని ఆ రోజులలో తీగలకు తొడుగుగా వాడేవారు. మన దేశంలో వేసిన తీగల మీది తొడుగు పెళుసై రాలిపోతూ ఉండగా, దాని నమూనాలను లండనులో ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించి, అది గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొన్నదని 1861 ప్రాంతంలో ప్రకటించినాడు. మనం ప్రాణవాయువని పిలిచేది అదే. పిమ్మటి పరిశోధకులు రబ్బరు విషయంలో కూడా ఇదే నిజమని చూపినారు. రబ్బరు తన బరువులో నూటికి ఒక పాలు ఆమ్లజనిని కలుపుకొంటే చాలు, దాని పస చాలావరకు పోతుంది. కొన్ని చోట్ల గొలుసులు తెగి జిగురవుతుంది; కొన్ని చోట్ల అక్కరలేని కొత్త వంతెనలు ఏర్పడి పెళుసవుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ పని వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక స్థూలమైన లెక్క ఉన్నది. ఇంజనుకు ఆనుకొని ఉన్న బుష్షు, రేకుల షెడ్డులో మన గోదావరి జిల్లాల మే నెల గడిపే బుష్షు ఎంత త్వరగా వయస్సు మీరునో మీరే ఊహించుకోవచ్చు.

ఇంత బలహీనత ఉన్న పదార్థాన్ని ఇంజనీర్లు ఎందుకు నమ్మినారు? దానిలోని ఒక గుణానికి వేరొకటి సాటి రాలేదు గనుక. 1920 దశాబ్దంలో లియోన్ తిరీ అనే ఇంజనీరు రెండు ఉక్కు గొట్టాలను ఒకదానిలో ఒకటి పెట్టి, నడుమ రబ్బరును గట్టిగా అదిమి కూర్చినాడు. లోపలి గొట్టం చట్రానికి, వెలుపలి గొట్టం కదిలే చేతికి. చేయి లేచి పడినప్పుడు ఏదీ దేని మీదా జారదు. రబ్బరు తనలో తాను మెలి తిరిగి మళ్ళీ విప్పుకొంటుంది. జారుడు లేదు గనుక నూనె అక్కరలేదు, చప్పుడు రాదు. ఫ్రెంచి భాషలో నిశ్శబ్దమనే అర్థం వచ్చేటట్లు దానికి సైలెంట్‌బ్లాక్ అని పేరు పెట్టినారు. నేడు ప్రతి మెకానిక్కు షెడ్డులోను వినిపించే పేరు అది.

1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీవారు తమ ప్లిమత్ కారులో ఇంజనునే రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెట్టి దానికి తేలే శక్తి అనే అర్థంలో పేరు పెట్టినారు. మరుసటి సంవత్సరం ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ ఆ హక్కులు కొని, నీటిపై తేలే హంస బొమ్మను కారు ముందు తగిలించినది. నాలుగు సిలిండర్ల ఇంజను కుదుపు సీటు దాకా రాకుండా ఆగిపోవడం ఆ రోజులలో గొప్ప వింత.

నిశ్శబ్దం ఒకమారు రుచి మరిగిన తరువాత మనుష్యుడు మరింత కోరుతాడు. చవక కారు కొన్నవాడు కొంచెం చప్పుడుకు ఓర్చుకొంటాడు. పెద్ద కారు కొన్నవాడు ఓర్వడు. దీనికి తోడు యుద్ధానంతరం మిషలిన్ కంపెనీ తెచ్చిన రేడియల్ టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకొన్నవి గాని, మెల్లగా పోయేటప్పుడు చిన్న చిన్న గరుకును కూడా చట్రానికి చేరవేసినవి. దానిని ఆపడానికి చక్రాలు ఒక వెంట్రుకవాసి ముందుకు వెనుకకు జరిగేటట్లు బుష్షులను మరింత మెత్తగా చేయవలసి వచ్చినది. కొన్నిటిలో కావాలనే సందులు వదిలినారు. 1961లో జాగ్వార్ కంపెనీ తన ఇ-టైప్, మార్క్ పది కార్ల వెనుక చక్రాల యంత్రాంగాన్నంతా ఒక ఉక్కు పంజరంలో కూర్చి, ఆ పంజరాన్ని నాలుగు రబ్బరు దిమ్మెలతో శరీరానికి వ్రేలాడదీసినది. 1968లో వచ్చిన ఎక్స్‌జె6 కారు నిశ్శబ్దానికి పేరుపొందడంలో ఈ ఏర్పాటుకు పెద్ద పాలున్నది. ఆ దిమ్మెలలో రబ్బరు ఉక్కు రేకుకు అతుక్కొని ఉంటుంది. ఏళ్ళు గడిచి ఆ అతుకు విడిపోయిన నాడు పంజరమంతా కదులుతుంది. పాత జాగ్వార్ కొనేవారు మొట్టమొదట చూడవలసిన భాగాలలో ఇది ఒకటి. 1982లో మెర్సిడెజ్-బెంజ్ వారి 190 కారు ఒక్కొక్క వెనుక చక్రాన్ని అయిదేసి కడ్డీలతో పట్టి ఉంచినది. ప్రతి కడ్డీకి రెండు కొసలు. అంటే సామాన్యమైన కారులో రెండు మూడు చోట్ల ముదిరే రబ్బరు పెద్ద కారులో పది చోట్ల ముదురుతుంది. కొన్నవారు ఈ లెక్కను బండి కొన్న పది పదిహేనేళ్ళకు గాని వేయరు.

ఇక్కడ ఒక్క మాట. 1965లో సిల్వర్ షాడో కారును తెచ్చినప్పుడు రోల్స్ రాయిస్ వారు క్రింది చట్రాలను శరీరానికి బిగించడానికి రబ్బరు కాక, తుప్పుపట్టని ఉక్కు తీగను గిన్నెలు తోమే పీచువలె అల్లి అదిమిన మెత్తలు వాడినారు. పిమ్మట వారు కూడా రబ్బరుకే వచ్చినారు. ఉక్కు పీచు ముదరకపోవచ్చును గాని, మృదుత్వంలో రబ్బరుకు సాటిరాలేదని నేను దీనికి అర్థం చెప్పుకొన్నాను.

ఇక పగుళ్ళ సంగతి. ఆమ్లజని రబ్బరును నెమ్మదిగా లోలోపల ముదురజేస్తుంది. కత్తితో గీసినట్లు పైన పగుళ్ళు తెచ్చేది వేరొక వాయువు. గుడ్‌ఇయర్ పొయ్యి దగ్గర తన రహస్యాన్ని కనుగొన్న ఆ 1839లోనే స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో షోన్‌బైన్ అనే ఆచార్యుడు నీటిలోకి విద్యుత్తును పంపుతూ ఒక వింత వాసన పసికట్టినాడు. వాసన అనే గ్రీకు మాట నుండి దానికి ఓజోను అని పేరు పెట్టినాడు. రబ్బరూ, దాని శత్రువూ ఒకే సంవత్సరంలో శాస్త్రానికి చిక్కినవి; అయినా వాటి వైరం బయటపడడానికి చాలాకాలం పట్టినది.

ఓజోను రబ్బరులోని జంటబంధాన్ని తాకిన చోట గొలుసు తెగుతుంది. రబ్బరు లాగబడకుండా ఉంటే తెగిన కొసలు ఉన్నచోటనే ఉంటవి. పైన పలుచని పొర ఏర్పడి ఆగిపోతుంది. లాగబడి ఉంటే తెగిన కొసలు ఎడమై, క్రింది కొత్త రబ్బరు గాలికి బయటపడుతుంది. ఓజోను దానినీ తెంచుతుంది. ఈ విధంగా లాగుడుకు అడ్డంగా పగులు లోపలికి దిగుతూ పోతుంది. పది కోట్ల పాళ్ళ గాలిలో అయిదారు పాళ్ళ ఓజోను ఉన్నా ఇందుకు చాలును. లాస్ ఏంజిలిస్ నగరంలో కార్ల పొగ మీద ఎండ పడి ఓజోను పుడుతున్నదని చూపిన హాగెన్-స్మిట్ అనే శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతంలో దానిని కొలవడానికి వాడిన సాధనం ఏమనుకొన్నారు? వంచి కట్టిన రబ్బరు ముక్క. అది ఎంతసేపటిలో, ఎంత లోతుగా పగిలితే గాలిలో అంత ఓజోను. కారు పొగ నుండి పుట్టినది కారు రబ్బరునే తిన్నది.

ఆ దశాబ్దంలోనే దీనికి మందు కూడా దొరికినది. ఓజోను రబ్బరును తాకకముందే తనమీదికి లాగుకొనే రసాయనాలను, పైకి తేలి పొరకట్టే మైనాలను రబ్బరులో కలపడం మొదలుపెట్టినారు. టైర్ల ప్రక్కభాగాన గోధుమరంగు మరకవలె కనిపించేది వాటి జాడయే. ఈ మందు లోపలి నుండి పైకి ఊరుతూ ఖర్చవుతుంది. రబ్బరు వంగి లేస్తూ ఉంటే ఊరడం సులభం; కదలకుండా పడి ఉంటే మందగిస్తుంది. ఎంత ఊరినా మొదట కలిపిన దానికంటె ఎక్కువ ఉండదు గదా! షెడ్డులో నిలిచిన కారుకు మరొక కీడు కూడా ఉన్నది. బండి బరువుకు ఏ బుష్షు ఎంత మెలితిరిగి ఉన్నదో నెలల తరబడి అంతే మెలితో ఉంటుంది. పగులు పుట్టిన చోటే పెరగడానికి అంతకంటె అనుకూలం ఏమున్నది? మామయ్యగారి బండి తిరిగి ఉండి కూడా పగిలేదేమో. తిరగనందువలన పగలకుండా మాత్రం ఉండలేదు.

నూనె సంగతి త్వరగా ముగిస్తాను. పూర్వపు కీలుకు నూనె ప్రాణం. రబ్బరు బుష్షుకు అదే విషం. పెట్రోలియం నూనె, రబ్బరు, రెండూ ఒకే జాతి పదార్థాలు గనుక ఒకదానిలో ఒకటి ఇంకిపోతవి. ఇంజను నుండి కారిన నూనె బొట్టు బొట్టుగా పడిన బుష్షు ఉబ్బి, మెత్తబడి, పట్టు విడుస్తుంది. నూనెకు లొంగని నియోప్రీన్ వంటి కృత్రిమ రబ్బర్లు 1931 నుండి ఉన్నవి. అయినా బరువు మోస్తూ కుంగకుండా, వేడెక్కకుండా, లక్షలసార్లు మెలితిరగడంలో చెట్టు రబ్బరే మిన్న కావడం వలన ఇంజనీర్లు తెలిసి తెలిసి దానినే ఎన్నుకొన్నారు.

రబ్బరు మీద విలాసం మోపిన అతిపెద్ద బరువు గాలితిత్తి. 1957లో కాడిలాక్ వారి ఎల్డొరాడో బ్రోమ్ అనే అత్యంత ఖరీదైన కారులో ఉక్కు స్ప్రింగులే లేవు. నాలుగు చక్రాల దగ్గర గాలి నింపిన రబ్బరు తిత్తులు కారును మోసేవి. మెత్తదనంలో అది మేఘప్రయాణమే. కాని గాలి కారిపోతూ ఉండడం, రాత్రి నిలబెట్టిన కారు తెల్లవారేసరికి మోకరిల్లి ఉండడం మామూలైనది. చాలామంది సొంతదారులు ఆ తిత్తులు పీకించి ఉక్కు స్ప్రింగులు వేయించుకొన్నారు. 1963లో మెర్సిడెజ్ 600 కారు, ఆ పిమ్మట మరెన్నో పెద్ద కార్లు అదే దారి పట్టినవి. పంపులు, కవాటాలు బాగుపడినవి గాని, తిత్తి మడతపడే చోట రబ్బరు ఎప్పుడూ లాగబడి ఉండడం మారలేదు. పగులు మొదలయ్యేది ఆ మడతలోనే.

మామయ్యగారి కారు కథ ఇంకా కొంత మిగిలినది. ఆయన నగరంలో ఒక దుకాణం నుండి పెట్టె విప్పని అసలు కంపెనీ బుష్షులు తెప్పించినారు. పెట్టె మీది అక్షరాలు వెలసిపోయి ఉండడం చూసి, "పాత సరుకు గట్టిది," అని సంతోషించినారు. సంక్రాంతి వచ్చేసరికి అవి కూడా చిట్లినవి. అలమారులో ఉన్న రబ్బరుకు కూడా గాలి తగులుతూనే ఉంటుంది. చల్లగా, చీకటిగా, విద్యుత్ మోటార్లకు దూరంగా ఉంచితే కొంత ఆగుతుంది, అంతే. మోటార్లలో లేచే నిప్పురవ్వల వలన ఓజోను పుడుతుంది గనుక ఆ జాగ్రత్త. అయితే నేరమంతా సరుకుదేనని నేననను. మొదటిసారి బిగించిన కుర్రవాడు బండి జాకీ మీద ఉండగా, చక్రాలు క్రిందికి వ్రేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించినాడు. బండి నేలకు దిగేసరికి ప్రతి బుష్షూ పుట్టుకతోనే మెలిపడినది. అందులో ఏది ఎంత కారణమో చెప్పడం కష్టం.

రెండవసారి మేస్త్రీయే స్వయంగా వచ్చినాడు. కొత్తగా తయారైన బుష్షులను వత్తి దింపి, బోల్టులను వదులుగా ఉంచి, బండిని నాలుగు చక్రాల మీద నేలకు దించి, నన్నూ మా మేనత్త కొడుకునూ సీట్లలో కూర్చోబెట్టి, తాను క్రింద దూరి ఆఖరి బిగింపు బిగించినాడు. మేము దిగిన తరువాత మామయ్యగారు సున్నం తెప్పించి షెడ్డు గోడ మీద వ్రాయించినారు. నేను కిలోమీటర్ల అంకె వ్రాయిస్తారనుకొన్నాను. ఆయన తేదీ వ్రాయించినారు.